ఐలా వేసిన బాట

పొద్దున్నే ఆరున్నరకి రైమో ఫ్లాస్కులో కాఫీ పోసుకుని అడవిలోకి నడుస్తాడు. హాలెట్ బే ఊరి వెనక, సముద్రం మీంచి వచ్చిన మంచు అప్పటికింకా దేవదారు కొమ్మల్ని వదలదు. ఆ అడవిలో సైకిళ్ళు తొక్కే బాటలు నలభైకి పైనే ఉన్నాయి. అన్నీ ఊరివాళ్ళు ఆదివారాలు పారలు పట్టుకుని వేసుకున్నవే. ఎవరు వేసిన బాటకి వాళ్ళే పేరు పెడతారు. రైమో భార్య ఐలా పదకొండేళ్ళు కష్టపడి వేసిన బాటకి 'నెమ్మది' అని పెట్టింది. అంత నిటారు బాట చుట్టుపక్కల ఇంకోటి లేదు. ఆవిడ హాస్యం అలాంటిది.

ఐలా పోయి నాలుగేళ్ళయింది. పోయింది కానీ సైకిలు మానలేదు. రోజూ తెల్లారేసరికి ఆ బాట మీద తడిమట్టిలో ఆవిడ టైరు ముద్ర కొత్తగా ఉంటుంది. వెనక టైరు మీది రబ్బరు బుడిపె ఒకటి ఊడిపోయింది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. సైకిళ్ళు అద్దెకిచ్చే జున్కో పైఊళ్ళవాళ్ళకి హెల్మెట్లు ఇస్తూ, ఏడు దాటాక బయల్దేరండి, ముందు ఐలా వెళ్ళాలి అని చెబుతుంది. రైమో వంగి ముద్ర చూసుకుంటాడు. మూడో మలుపులో బ్రేకు గట్టిగా పట్టిందే, మోకాలు మళ్ళీ నొప్పెడుతోందేమో అనుకుంటాడు. కాఫీ తాగి ఇంటికొస్తాడు. ఆ రోజుకి వాళ్ళ కాపురం అంతే.

సెప్టెంబరులో ఆ బాట పొడుగునా చెట్లకి, కొట్టేయాలన్న గుర్తుగా, గులాబీరంగు రిబ్బన్లు కట్టారు. అడవి కలప కంపెనీది. ఊరివాళ్ళది నోటిమాట అనుమతే. రైమో కూడా ముప్పై ఏళ్ళు చెట్లు కొట్టి బతికినవాడే కనక ఎవరినీ తిట్టలేకపోయాడు. కంపెనీ ఆఫీసుకెళితే పాట్రిస్ అనే ఆవిడ టీ ఇచ్చి మ్యాపు పరిచింది. ఆవిడా ఆదివారాలు ఆ బాట తొక్కే మనిషే.

"ముద్ర సంగతి నాకు తెలుసండీ. గద్దగూడు ఉంటే అక్కడ కొట్టకుండా వదలమని రాయడానికి ఫారంలో గడి ఉంది. వాగుంటే ఉంది. దీనికి లేదు."

"ఒకటి గీసుకోవచ్చుగా?"

"గీశాను. పైవాళ్ళు కొట్టేశారు."

శనివారం కొడుకు ఆర్నీ వచ్చాడు. చెట్లు కొట్టే జట్టులో తన పేరుందని తండ్రికి తనే చెప్పాలని వచ్చాడు. భార్యకి ఏడో నెల. చాలాకాలం ఖాళీగా ఉన్నాక దొరికిన పని.

"నేను కాదంటే ఇంకొకడొస్తాడు నాన్నా."

"తెలుసు."

"ఇప్పుడు మానేస్తే ఈ తీరంలో నన్నింకెవరూ పిలవరు."

"తెలుసురా. నేనేమన్నా అన్నానా?"

"అనట్లేదు. అదే చంపుతోంది నన్ను."

రైమోకి ఆ రాత్రి అన్నం సయించలేదు. ముద్ర పోతుందన్న దిగులు ఒకటి. అమ్మ తిరిగే చెట్ల మీద కొడుకు రంపం పెడతాడన్నది అంతకంటే పెద్దది. మర్నాటి నుంచే రిబ్బన్లకి అవతల కొత్తబాట మొదలుపెట్టాడు. ఊరు ఊరంతా వచ్చి పార పట్టింది. రెండు వారాల్లో అయిపోయింది. ఐలా అటు మళ్ళితే చాలనుకున్నారు.

పొద్దున్నే వెళ్ళి చూస్తే ముద్ర కొత్తబాట మొదటిదాకా వచ్చి ఉంది. అక్కడ ఒక కాలు ఆనించి నిలబడ్డ గుంట. తర్వాత వెనక్కి తిరిగిన గుర్తు.

అప్పుడు తట్టింది రైమోకి. కొత్తగా వేసిన బాటని ఒక చలికాలం వానంతా తాగి గట్టిపడేదాకా తొక్కకూడదు, గాడి పడిపోతుంది. ఆ నియమం పెట్టిందే ఐలా. ఒకసారి ఆగలేక తొక్కినందుకు నలుగురిలో రైమోనే కడిగేసింది. ఇంతమంది మట్టి తవ్వి ఒక్కరికీ గుర్తురాలేదు. మట్టి గట్టిపడాలని రైమో కాళ్ళతో తొక్కాడు, బకెట్లతో నీళ్ళు పోశాడు. చలికాలాన్ని ఎవడు మోసుకొస్తాడు?

"ఎవరూ చూడటం లేదు ఐలా," అన్నాడు. "ఈ ఒక్కసారికి తొక్కేయ్."

మర్నాడూ ముద్ర అక్కడినుంచే తిరిగిపోయింది. రైమో మట్టిగట్టు మీద కూచుని ఏడ్చాడు.

సోమవారం చెట్లు కొట్టే రోజు. తెల్లవారుతుండగా ఆర్నీ ఫోన్ చేసి, బండీ తాడూ తీసుకుని రమ్మన్నాడు.

వెళ్ళేసరికి ఆర్నీ ట్రక్కు వాళ్ళ వాకిట్లో ఇరుసుదాకా దిగబడి ఉంది. దాని చుట్టూ సైకిలు తిరిగిన ముద్ర, ఒకదాని మీద ఒకటి, కొన్ని వందల చుట్లు. నేలంతా దమ్ము చేసిన మడిలా అయిపోయింది. బాట దాటి ఒక్క అడుగు మట్టి పాడుచేయని మనిషి ఐలా.

మేస్త్రీ ఫోన్లో ఆరున్నరదాకా టైమిచ్చాడు. ఆ తర్వాత ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. తాడు కట్టి లాగడం ఐదు నిమిషాల పని. రైమో తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"కట్టమంటావా?"

ఆర్నీ వంగి ముద్ర మీద అరచెయ్యి పెట్టాడు. "ఒక్క మాట చెప్పొచ్చుగా అమ్మా. ఇంత చెయ్యాలా?"

"మీ అమ్మ చెప్తే ఎప్పుడు విన్నావు నువ్వు?"

ఆర్నీ ట్రక్కు వెనక చెక్క మీద కూచుండిపోయాడు. ఫోన్ మోగి మోగి ఆగింది. లోపల్నుంచి భార్య వచ్చి వాకిలి చూసి లోపలికెళ్ళింది.

ఏడు కాకుండానే కొండ మీద రంపాలు మొదలయ్యాయి. ఒక్కో చెట్టు పడ్డప్పుడల్లా ఏ మలుపు దగ్గరిదో రైమోకి చప్పుడుని బట్టే తెలిసింది. ఆపడం ఎవరి తరమూ కాలేదు. చచ్చినా సైకిలు దిగని ఐలా తరమూ కాలేదు. ఆ రోజు తర్వాత ముద్ర ఎవరికీ కనపడలేదు.

మధ్యాహ్నందాకా చెట్లు పడుతూనే ఉన్నాయి. రైమో ఆర్నీ చేతుల్ని తన ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. ఆ చెట్ల రంపపు పొట్టు అంటని చేతులు.