అంచులో గుండ్లు లేని అంగీ

నేను ఒక తెల్ల అంగీని, బాప్తిస్మం కోసం కుట్టినదాన్ని. అయినా ఏళ్ళ తరబడి నీళ్ళ మొహం చూడలేదు. కలరా ఉండల వాసన పీల్చుకుంటూ దీనమ్మ రేకుపెట్టెలో పడి ఉన్నాను. నా మీద దుప్పట్లు, ఆపైన మూత, ఆ మూతకి తాళం. మడతమడతకీ ఊపిరాడదు. ఎలుక దూరుతుందేమో, మరకలు పడతాయేమో అని నా దిగులు నాది. కుట్టిన చేతుల గుణం ఎక్కడికి పోతుంది?

దీనమ్మ నన్ను కూతురు కెజియ కోసం తన మిషను మీదే కుట్టింది. మా సంఘంలో బాప్తిస్మం కాలువలో ఇస్తారు. నీళ్ళలోకి దిగగానే అంగీలో గాలి నిండి పైకి తేలుతుంది కనుక, ఆడపిల్లల అంగీ అంచులో వలకు కట్టే సీసపు గుండ్లు పెట్టి కుడతారు. దీనమ్మా కుట్టింది. కుట్టిన కాసేపటికే ఆమెకు గుండెదడ పట్టుకుంది. ఈ బరువు పిల్లని అడుక్కి లాగేస్తే?

అంతే, నాకు పెట్టె ప్రాప్తించింది. ప్రతి ఈస్టరుకూ కెజియ అడిగేది. ఒకసారి జలుబన్నారు, ఒకసారి కాలువలో జలగలన్నారు, ఇంకోసారి ఎవరికో పాము కనబడిందట. పిల్ల ఎదిగినకొద్దీ నా అంచు కిందికి దించి మళ్ళీ లోపల పెట్టేవారు.

చివరికి పాస్టరు ఆశీర్వాదంగారే ఇంటికొచ్చారు.

"నీళ్ళలో ముంచడమంటే పాత బతుకుని క్రీస్తుతో పాతిపెట్టడం దీనమ్మా. పైకి లేపడమంటే ఆయనతో కొత్తగా లేవడం."

"ఎదిగిన పిల్లని ఎదురుగా పెట్టుకుని పాతిపెట్టడం అంటారేంటండీ అయ్యగారూ!"

"రెండో సగం నీకు వినపడదేంటమ్మా?" అంది కెజియ. "నువ్వు మునగవు, నన్ను మునగనివ్వవు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచేటప్పుడు బాప్తిస్మం లేనివాళ్ళకి పెట్టరు కనక ఇద్దరం వెనకాల చాప మీద చేతులు ముడుచుకు కూచోడమే!"

ఆ మాట తగిలింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దీనమ్మ కూడా ఇంతవరకూ బాప్తిస్మం తీసుకోలేదు. నీళ్ళంటే భయమని ఎవరికీ చెప్పుకోలేదు. లేచి వెళ్ళి పెట్టె తాళం తీసింది. అయితే మనుషులు ఒక తాళం తీస్తే ఇంకోటి వేస్తారు కదా. నా అంచు విప్పి, గుండ్లన్నీ తీసేసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కుట్టేసింది.

ఈస్టరు ఉదయం కెజియ నన్ను తొడుక్కుని కాలువలో దిగింది. దిగీదిగగానే నేను బుడగలా లేచాను. గట్టు మీద పాట ఆగిపోయింది. కెజియ రెండు చేతులా నన్ను కిందికి నొక్కుకుంటోంది. పాపం, చేతులు రొమ్ముకి కట్టుకుంటేగాని ముంచడం కుదరదు.

"ఈసారికి ఆపేద్దామా తల్లీ?" అన్నారు పాస్టరుగారు మొహం పక్కకి తిప్పుకుని.

కెజియ ఏడుస్తోంది. నాకు మళ్ళీ పెట్టే గతి అనుకున్నాను.

అంతలో దీనమ్మ చెప్పులు విడిచి, కట్టుచీరతోనే దిగేసింది. మోకాళ్ళు మునిగాయి, నడుము మునిగింది. పళ్ళు టకటకమంటున్నాయి.

"ఆపకండి అయ్యగారూ. గుండ్లు తీసేసింది నేనే. నేను పట్టుకుంటా."

నా అంచుని రెండు గుప్పిళ్ళతో కిందికి లాగి పట్టింది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో మునిగాం. అబద్ధమెందుకు, ఆ చీకటి అచ్చం పెట్టెలో చీకటిలాగే ఉంది. కాని పెట్టెలో వీపు కింద చెయ్యి ఉండదు. ఇక్కడ ఉంది. అది మమ్మల్ని పైకి లేపింది. నేను నీళ్ళు కారుతూ ఎండలోకి వచ్చాను.

"అమ్మా, వదులు. అయిపోయింది."

"వదిలితే నేను పడిపోతానే!"

గట్టంతా నవ్వింది. పాస్టరుగారు మాత్రం నవ్వలేదు. "ఇంత లోతుకి వచ్చావు కదా దీనమ్మా," అన్నారు మెల్లగా.

"అమ్మో, ఇవాళ కాదండీ. జలుబు చేసేలా ఉంది."

ఇప్పుడు నేను మిషను మీద ఉన్నాను. దీనమ్మ తనకోసం నా పక్కలు విప్పి, గుడ్డ అతికి వెడల్పు చేస్తోంది. కెజియ నడుముకీ ఆవిడ నడుముకీ పొంతన లేదు మరి. గుండ్లు మళ్ళీ బయటికొచ్చాయి. ఒక్కోదాన్ని తీసి, అరచేతిలో బరువు చూసుకుని, నిట్టూర్చి, అంచులో పెట్టి కుడుతోంది.

పెట్టె తాళంచెవి ఎక్కడో పెట్టి మరిచిపోయిందట. ఆవిడ మరిచిపోయే మనిషి కాదు.