గీత కింది మురుగు

ఛీ, ఏం కంపు! క్లబ్ హౌస్ కిటికీలన్నీ మూసి ఏసీ వేసినా కనకలక్ష్మి ముక్కు మీంచి పైట చెంగు తియ్యలేకపోయింది. అపార్ట్‌మెంట్ వెనక కుంట నల్లగా నురగలు కక్కుతోంది. ఆ నీళ్ళు తాగే ఐలయ్య బర్రెలు పారుకుని పారుకుని లేవలేకపోతున్నాయి.

ఐలయ్యది కుంట కింద బస్తీ. ఇక్కడ సగం ఇళ్ళకి పాలు పోసేది అతనే. "అమ్మా, గా మోరీ నీళ్ళు మీ తాన్నుంచే వస్తున్నయి. జర మీరన్న అడుగుండ్రి. బర్రెలు పోతే ఇగ మేం బతుకుడెట్ల?" అని నిన్న బతిమాలుకున్నాడు. అడుగుతానని మాటిచ్చింది. బాచుపల్లిలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి కదా, లెక్క తేల్చి చూపిస్తే ఎవరైనా దారికొస్తారని ఆవిడ నమ్మకం.

ఆవిడ మీటింగులో అడగ్గానే అసోసియేషన్ ప్రెసిడెంటు యజ్ఞనారాయణ, రిటైరైన ఇంజనీరు, తాపీగా గొంతు సవరించుకున్నాడు. "మన మురుగు చుక్క కూడా బయటికి పోవట్లేదండి. నిన్న పొద్దున మన మురుగు శుద్ధి ప్లాంటు ట్యాంకులో ఎంత మట్టం ఉందో ఇవాళా అంతే ఉంది. మార్పు సున్నా! ఇంకేం కావాలండి?"

కనకలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. ఇంజనీరట, ఇంజనీరు! గబగబా లేచి, ప్లాంటు మీటర్ల లెక్కల్ని బట్టి బోర్డు మీద రెండు గీతలు గీసింది. గంట గంటకీ ట్యాంకులోకి మురుగు వచ్చే వేగం ఒకటి. పొద్దున స్నానాలకి లేచి, మధ్యాహ్నం పడి, సాయంత్రం మళ్ళీ లేచింది. శుద్ధైన నీళ్ళు మొక్కలకి పోయే వేగం రెండోది. అది నేలకి అంటుకుపోయి ఉంది.

"గంటకి ఇంత అనేది వేగమేనండి. రోజు మొత్తానికి ఎంతో తేలాలంటే గీత కింద వైశాల్యం తియ్యాలి. ఇంటిగ్రేషన్ అంటే అంతే. వచ్చిందాంట్లోంచి పోయింది తీసేస్తే ట్యాంకులో మార్పు. ఆ మార్పు సున్నా అని మీరే అన్నారు. అంటే వచ్చిందంతా పోయినట్టే గదా! మొక్కలకి పోయింది ఇంతే." రెండు గీతల మధ్య జాగానంతా సుద్దతో బరబరా నింపేసింది. "మరి ఇదంతా ఎక్కడికి పోయిందండీ?"

కోకాపేటలో సాఫ్ట్‌వేర్ చేసే ఆదర్శ్ తలూపాడు. "మేడం కరెక్టండి. కుంటలోకే పోతోంది. వేరే దారి లేదు."

గెలిచాననుకుంది పిచ్చిది.

"అయ్యబాబోయ్!" అంటూ నీహారిక కుర్చీలోంచి లేచిపోయింది. "అంటే ఆ బర్రెలు తాగేది మన బాత్రూం నీళ్ళా? ఆ పాలేనా నా బిడ్డకి పట్టేది? యాక్!" యాక్ యాక్ అని అందరూ అందుకున్నారు. అప్పటికప్పుడు ఫోన్లు తీసి ప్యాకెట్ పాలు ఆర్డరు పెట్టేసుకుంటున్నారు.

"పాల సంగతి కాదండీ! మురుగు ఆపరా? ప్లాంటు బాగు చేయించరా?" కనకలక్ష్మి గొంతు చించుకుంది.

"అది వచ్చే మీటింగులో చూద్దామండి. ముందు ఆరోగ్యం కదండీ. ఐలయ్య పాలు ఆపేద్దామనేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు యజ్ఞనారాయణ.

లేచాయి చేతులు. ముందు వరసలో కూర్చున్న మొగుడు రామాంజనేయులు చెయ్యి కూడా లేచింది. "ఏమండీ!" అని కసిరితే, "ప్రూవ్ చేసింది నువ్వే కదా" అన్నాడు, కళ్ళు ఫోన్లోంచి ఎత్తకుండానే. థూ, మనుషులా వీళ్ళు! సుద్ద నేలకేసి కొట్టి బయటికొచ్చేసింది.

గేటు దగ్గర ఐలయ్య నిలబడే ఉన్నాడు. "అమ్మా, చెప్పిండ్రా? ఆళ్ళకు సమజైందా?"

"అయింది ఐలయ్యా. అందరికీ అర్థమైంది."

"మీ కడుపు సల్లగుండ తల్లీ!" రెండు చేతులెత్తి దండం పెట్టాడు. ఇంతలో వాచ్‌మన్ ఫోన్లో మెసేజ్ చూసుకుంటూ వాళ్ళ దగ్గరికి వచ్చాడు.

"ఐలన్నా, రేపటి సంది నువ్వు లోపలికి రావొద్దంట."