ఊర్మిళ చేలో మట్టి

కరకట్టకు గండి పడింది సరిగ్గా ఊర్మిళ చేను ఎదురుగానే. సుందర్బన్‌లో ఆ దీవి మీద ఆ వితంతువుకు ఉన్నదల్లా ఆ చేనే. పోయిన తుఫానుకు మింగిన ఉప్పును మూడు వానాకాలాలకు గాని కక్కలేదు అది. ఈ ఏడే మళ్లీ వరి పాలు పోసుకుంటోంది. పున్నమి పోటు లోపు గండి పూడ్చకపోతే నది మళ్లీ లోపలికొస్తుంది.

పూడ్చడానికి బంకమట్టి కావాలి. ఒడ్డంతా ఇసుక. గండికి అన్నిటికన్నా దగ్గరగా మంచి బంక దొరికేది ఆమె చేలోనే. తవ్వితే పంట పోతుంది, తవ్వకపోతే ఊరే పోతుంది.

"తొందరపడకు వదినా," అన్నాడు పంచాయతీ ప్రధాన్ నిశికాంత. "ఇంజినీరుగారు వెదుళ్లు, బస్తాలు లాంచీలో వేసుకుని వస్తున్నారు. గండి కళ్లారా చూస్తేనే రాతికట్ట మంజూరవుతుంది. పూడ్చేస్తే ఆయనకేం చూపిస్తాం, నీ మొహమా?"

"పోయినసారీ ఇదే కూత కూశావు. అప్పుడొచ్చిన టార్పాలిన్లు నీ గొడ్లపాక మీదున్నాయి. నా ఇంటి మీద ఆకాశముంది."

జనం నవ్వారు. నిశికాంతకు సిగ్గు లేదు గాని, ఈసారి అతను చెప్పింది అబద్ధం కాదు. గండి కనబడకపోతే సర్కారు కదలదు. అందుకే ఆగారు. రేవుకేసి చూసి చూసి కళ్లు కాయలు కాచాయి గాని లాంచీ రాలేదు.

పున్నమి ముందటి ఉదయం నీరు గండి అంచుకు ఎక్కింది. ఊర్మిళ శంఖం తెచ్చి ఊదింది. అక్కడ సంధ్యవేళ కాకుండా పట్టపగలు శంఖం మోగిందంటే ఇంటికొక మనిషి పార పట్టుకుని రావాల్సిందే.

"పక్కకుండు పిన్నీ, మేం తవ్వుతాం," అన్నాడు పొరుగింటి పరితోష్.

"నా చేను నేనే తవ్వుకుంటాను. నువ్వు తట్ట పట్టు."

మొదటి పారకే వరిదుబ్బు వేళ్లతో లేచొచ్చింది. ఆమె దాన్ని తీసి గట్టున పెట్టింది. మళ్లీ పార ఎత్తింది. పొద్దుగూకేసరికి గండి మూసుకుంది. మర్నాడు పోటు వచ్చి, కట్టను గుద్ది వెనక్కి పోయింది.

ఆ తర్వాత వచ్చింది లాంచీ.

ఇంజినీరు కట్టెక్కగానే నిశికాంత చేతులు కట్టుకున్నాడు. "మా పంచాయతీ పనేనండీ."

"ఏ పంచాయతీ?" ఊర్మిళ ముందుకొచ్చింది. "అదిగో నా చేలో గొయ్యి. అందులో మట్టే బాబూ మీ కాళ్ల కిందున్నది."

ఇంజినీరు గొయ్యి చూశాడు, కట్ట చూశాడు. అతని మాటలో వెటకారం లేదు, నిజంగానే మెచ్చుకున్నాడు. "భేష్! మీరే ఇంత బాగా కట్టుకుంటుంటే ఇంక రాతికట్ట ఎందుకమ్మా? గండ్లు పడ్డ ఊళ్లు ఇంకా ఉన్నాయి."

బస్తాలు దింపకుండానే లాంచీ తిరిగింది.

"నే చెప్పలా?" అన్నాడు నిశికాంత.

ఊర్మిళకు తన మీద తనకే ఒళ్లు మండింది. సర్కారువాళ్లు దొంగలని తెలిసి కూడా, లాంచీ మలుపు తిరిగేదాకా ఆ బస్తాలు దింపుతారనే చూసింది.

"అమావాస్యకు మళ్లీ పోటొస్తుంది," అంది. "ఈ కట్ట అప్పటికి సగం కరుగుతుంది. నా చేలో బంక అయిపోయింది. ఆ పక్క చేను నీదే కదా మరిదీ, ఎప్పుడు తవ్వుదాం?"

ఊరంతా నిశికాంత వైపు తిరిగింది. అతను మాత్రం లాంచీ వెళ్లిన వైపు చూస్తూ నిలబడ్డాడు.