మధ్య కుర్చీ

"ఆ మిషను ముందర కూచొని నువ్వేం చేస్తాండావ్ సలోమీ? నడిపేది ఆ హైదరాబాదు పిల్లోడు గదా."

చేటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతున్న సలోమి తలెత్తలేదు. ఆమె భర్త సంజీవయ్య హైస్కూల్లో లెక్కల మాస్టరు. ప్రశ్న వేసి, జవాబు వినకుండా పేపరులోకి వెళ్లిపోవడం ఆయన అలవాటు. గడప మీద కూర్చున్న అత్త సువార్తమ్మ అందుకుంది: "ఏం చేస్తాదిరా, దానికి టెంకాయ కొడ్తాదేమో."

ఆ మాట పూర్తిగా వేళాకోళం కాదు. నంద్యాలలో సలోమి పనిచేసే పత్తి విత్తనాల కంపెనీకి ఆ ఏడు, అంటే ఎనభై ఏడులో, కంప్యూటరు వచ్చింది. మేనేజరు సుబ్బరాయుడు దాని ముందు టెంకాయ కొట్టించాడు. దుమ్ము పడుతుందని ఆ గదిలోకి చెప్పులు రానివ్వలేదు. యంత్రం ఇంతవరకూ చెడిపోలేదు. ఆ రెండింటిలో ఏది పనిచేస్తోందో మాత్రం ఎవరూ పరీక్షించలేదు.

సలోమి ఉద్యోగమే పరీక్షించడం. తడిగుడ్డలో గింజలు చుట్టిపెట్టి, ఎన్ని మొలిచాయో చూసి, ఆ సంచిని ఒప్పుకోవాలో తిప్పిపంపాలో చెప్పాలి. రంగు చూసి, తెచ్చినవాడి మాట విని ఏ గింజనూ నమ్మకూడదు. ఏళ్ల తరబడి ఆ పని చేసిన మనిషి చేతికి అనుమానం ఒక పనిముట్టులా అలవాటైపోయింది. ఇంట్లో వాళ్లు దాన్ని చెడ్డగుణమనేవారు.

ఏ సంచి ఏ పొలం నుంచి వచ్చిందో చెప్పే ప్రోగ్రాము రాయడానికి రఘునందన్ అనే ఇంజనీరు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఏమేం కావాలని అతడు మేనేజరును అడిగితే, సుబ్బరాయుడు కుర్చీలోంచి లేవకుండానే సెలవిచ్చాడు: "రైతు పేరు, తండ్రి పేరు, ఊరు. సాలు." అతడు అంతే రాశాడు. ఆళ్లగడ్డ అవతలి పల్లె నుంచి వచ్చిన సంచులతో ప్రోగ్రామును నడిపి చూస్తే, ఓబులేసు కొడుకు నరసింహులు పేర ఒక్క రైతే తేలాడు. నిజానికి వాళ్లు ఇద్దరు. అహోబిలం చుట్టుపక్కల ఇంటికొక నరసింహులు, ఇంటికొక ఓబులేసు ఉంటారని యంత్రానికి ఎవరూ చెప్పలేదు. ఒకడి మంచి విత్తనం, ఇంకొకడి పుచ్చు విత్తనం ఒకే లెక్కలో కలిసిపోయాయి.

"నంబర్లు ఇస్తే సరిపోతుంది," అన్నాడు రఘునందన్. సలోమికీ అది సబబుగానే తోచింది. కానీ పరీక్షించకుండా ఎట్లా? సంచులు కట్టేవాళ్లనే అడుగుదామని అతణ్ని ఆళ్లగడ్డ బస్సెక్కించింది. పత్తిచేలో ఆడవాళ్లు వంగి, సంకర విత్తనం కోసం మొగ్గమొగ్గకూ పుప్పొడి తీసేసే పనిలో ఉన్నారు. వాళ్ల మేస్త్రీ లింగమ్మ నడుం ఎత్తి ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"నంబరా? మా చేతుల తడికి తెల్లారేసరికి ఆ చీటీ మీద సున్న గూడా మిగల్దు. నరసింహులూ అని పిలిస్తే ఈ ఊర్లో పదిమంది పలుకుతారు. మేం పెండ్లాల పేరుతో గుర్తు పెట్టుకుంటాం. యశోదమ్మ నరసింహులు, నరసమ్మ నరసింహులు. ఆ యమ్మలు యాడాడి నుంచో కోడళ్లుగా వచ్చినోళ్లు గాబట్టి పేర్లు కలవవు. అయినా చేను పని చేసేది యశోదమ్మ, కట్ట మింద బీడీ తాగేది నరసింహులు. మీ మిషన్లో ఎవుర్ని రాసుకుంటారో మీ ఇష్టమప్పా!"

చేనంతా నవ్వింది. తిరుగు బస్సు శిరివెళ్ల దాటాక రఘునందన్ అన్నాడు: "నేను అడగాల్సినవాళ్లను అడగలేదండీ." ఆ వారమే ప్రోగ్రాములో ఆడమనిషి పేరుకు చోటు వచ్చింది. చేలవాళ్లకూ ఇంజనీరుకూ నడుమ సలోమికొక కుర్చీ పడింది. వాళ్ల అవసరం ఇతనికి అర్థమయ్యేట్టు చెప్పడం, ఇతని ఇబ్బంది వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పడం, ఇద్దరిచేతా తిట్లు తినడం ఆ కుర్చీ పని. సలోమికి తన జీవితంలో మొదటిసారిగా పొద్దున్నే ఆఫీసుకు పోవాలనిపించసాగింది.

ఆ కుర్చీని శాశ్వతం చేస్తారని, దానికి మనిషిని ఎంచి హైదరాబాదులో శిక్షణ ఇప్పిస్తారని ఆఫీసులో మాట పుట్టింది. సలోమి పిలుపు కోసం ఎదురుచూసింది. పిలుపు రాలేదు. మేనేజరు బామ్మర్ది పోతున్నాడని తెలిసింది.

అనుమానం నేరుగా రఘునందన్ మీదికి పోయింది. తనకు తెలిసిందంతా తోడుకొని ఖాళీ చేదను విసిరేసినట్టు తనను పక్కన పడేశాడనుకుంది. ఆ రోజు నుంచి అడిగినదానికి అవును, కాదు అని తప్ప చెప్పలేదు.

"ఏమండీ, నా మీద కోపమా?"

"పని అయిపాయ గదా. ఇంగ నాతో ఏం పని?"

అతడు తెల్లబోయాడు. "మీ పేరు రాసిచ్చింది నేనేనండీ. మేనేజరుగారు మీ ఆయన్ని పిలిపించి అడిగితే, ‘మా ఆమెకు ఇష్టం లేదంట, నాతో చెప్పింది’ అని చెప్పి వెళ్లారట గదా!"

సలోమి ఆ మాటనూ నమ్మలేదు. తెచ్చినవాడి మాట మీద గింజను ఒప్పుకోకూడదు. కానీ ఆ రోజంతా గింజలు చుడుతూ లెక్క వేసుకుంది. పదహారేళ్ల కాపురంలో ఆయన తన బదులు పలికిన జవాబులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మా ఆమె సినిమాలకు రాదులే. మా ఆమెకు ఆకలి తక్కువ. మా ఆమె పుట్టింటికి పోవాలని అనదు. ప్రతిదీ ప్రేమగానే అన్నాడు. ఒక్కటైనా తను చెప్పిందేనా అని వెతికింది; దొరకలేదు. అన్నీ విని విని, నిజంగానే తనకు ఆకలి తక్కువేమో అనుకుంటూ బతికింది.

సాయంత్రం చేట ముందు పెట్టుకొని, మామూలు గొంతుతోనే అంది: "మా ఆఫీసోళ్లు హైదరాబాదుకు ఎవర్నో పంపిస్తాండారంట, ఆ కంప్యూటరు పని నేర్చుకునేదానికి. నన్ను అడిగింటే పోయేదాన్ని."

పేపరు కదల్లేదు. దాని వెనకనుంచి మాట వచ్చింది: "నిన్ను ఎవరడుగుతారులే. అయినా ఆర్నెల్లంటే మాటలా? ఇల్లెవరు చూస్తారు?"

శిక్షణ ఎన్నాళ్లో సలోమి చెప్పలేదు. ఆమెకే తెలియదు.

ఆయన పేపరు తిప్పాడు. సలోమి చేటలో రాళ్లు ఏరడం ఆపి, బియ్యాన్ని ఉన్నవి ఉన్నట్టే ఎసట్లో పోసింది.

మర్నాడు ఆమె మేనేజరు ముందు నిలబడింది. "హైదరాబాదుకు నేను పోతా సార్."

"నీకు ఇష్టం లేదని మీ ఆయన చెప్పినాడే తల్లీ! ఆయన్ని ఒక మాట అడిగి..."

"నరసింహులు సంచుల్లో మనం చేసిన తప్పు అదే గదా సార్. చేసేదాన్ని ఇడ్సిపెట్టి, గట్టుమీద ఉన్నోణ్ని అడిగినాం."

సుబ్బరాయుడు గొణుక్కుంటూనే, పేరు ఎక్కించమని రఘునందన్‌కు చెప్పాడు. సలోమి చెప్పులు విడిచి, తన కుర్చీలో కూర్చుంది. ఉద్యోగుల వివరాల ప్రోగ్రామును కూడా రఘునందన్ మేనేజరు చెప్పినట్టే రాసి ఉన్నాడు. తెరమీద సలోమి పేరు పడింది, వయసు పడింది. తరువాతి గడి దగ్గర రఘునందన్ చేతులు ఆగిపోయాయి. అందులో ఇంగ్లీషులో ఉన్న మాటకు అర్థం: భర్త అంగీకారం.

"ఖాళీగా ఇడ్సిపెట్టండి," అంది సలోమి.

అతడు ఇబ్బందిగా నవ్వాడు. "ఖాళీగా ఉంటే ప్రోగ్రాము ముందుకు పోదండీ."

"అట్లయితే మార్చండి," అంది సలోమి, కుర్చీని తెర దగ్గరికి లాక్కుంటూ. "ఏం కావాల్నో నేను చెప్తాండా."