సైడ్‌కారుకి కోసిన తలుపు

ఆ తలుపు పెళ్లయిన మూడో వారంలో కోశాడు మార్కు.

బి.ఎస్.ఏ. మోటారుసైకిలు వాళ్ల నాన్నది. మిషన్ ఆసుపత్రి డాక్టరు దొరసానికి ఆయన డ్రైవరు. ఆమె ఇంగ్లండు వెళ్లిపోతూ బండినీ, దాని ఎడమపక్కన తగిలించిన సైడ్‌కారునీ ఆయన పేరున రాసిచ్చి పోయింది. నలభై ఎనిమిది మోడలు. సైడ్‌కారుకి తలుపు లేదు. పడవలోకి దిగినట్టు అంచు మీదుగా కాలెత్తి లోపలికి దిగాలి.

రెబ్కా ఎడమకాలికి చిన్నప్పుడే పోలియో వచ్చింది. తొడ దాకా ఇనప కడ్డీలు బిగించిన బూటు తొడుక్కుంటుంది. ఆ కాలు వంగదు, అంత ఎత్తు లేవదు. మార్కు పర్చూరులో పత్తి జిన్నింగు మిల్లు ఫిట్టరు. ఒక ఆదివారం సుద్దముక్కతో సైడ్‌కారు రేకు మీద గీత గీశాడు. హాక్సా బ్లేడుతో ఆ గీత వెంట కోశాడు. బీరువా బందులు రెండు బిగించి, కింద ఒక ఇనప మెట్టు అతికించి, "ఎక్కి చూడు" అన్నాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుంది రెబ్కా. అప్పటికి ఆమెకి ఇరవై మూడేళ్లు. తనంతట తాను ఒక బండి ఎక్కడం అదే మొదలు.

పధ్నాలుగేళ్లు ఆ తలుపు మీద ఆమె ఉద్యోగం నడిచింది. చింతగుంటపాలెం మిషన్ ఎలిమెంటరీ బళ్లో టీచరు. పర్చూరు నుంచి మూడు మైళ్లు తారురోడ్డు, దాని మీద బస్సు ఉంది. అక్కడ దిగి రెండు మైళ్లు నల్లరేగడి డొంక. ఎండాకాలం బీటలు, వానాకాలం బంక. మార్కు మిల్లుకి వెళ్లే ముందు ఆమెని బడి గుమ్మంలో దింపేవాడు, సాయంత్రం తీసుకొచ్చేవాడు. ఒక్క రోజు కూడా విసుక్కోలేదు. చర్చిలో ఆడవాళ్లు "రెబ్కా మొగుడు బంగారం" అనేవాళ్లు. రెబ్కా కూడా అదే అనుకునేది.

ఎండాకాలం సెలవుల్లో హెడ్‌మాస్టరు రిటైరవుతాడని ఎనభై అయిదు ఏప్రిల్లో తెలిసింది. తర్వాత సీనియరు రెబ్కాయే. ఆ కబురు వచ్చిన వారంలోనే పానకాలరావు వచ్చాడు.

ఆయనది గుంటూరులో మిర్చి కమిషన్ కొట్టు. పాత మోటారుసైకిళ్లంటే పిచ్చి. తనలాంటి పిచ్చివాళ్లని పదిమందిని పోగేసి క్లబ్బు పెట్టాడు. మిల్లుకి వచ్చిన లారీ డ్రైవరెవరో చెబితే విని, మెకానిక్ గౌస్ బాషాని వెంటబెట్టుకుని కారులో దిగాడు. పాకలో ఉన్న బండిని కుడిపక్క నుంచి మూడుసార్లు కిందా మీదా చూశాడు. ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి కాసేపు తియ్యలేదు.

"మార్కూ, దీని విలువ నీకు తెలుసటయ్యా?"

"మా నాన్నది కదండీ."

"నాన్న సంగతి కాదు. ఈ మోడలు, సైడ్‌కారుతో సహా, నాకు తెలిసి రాష్ట్రంలో రెండే ఉన్నాయి. ఒకటి హైదరాబాదులో నవాబుగారి మనవడి దగ్గర. రెండోది ఇదిగో, నీ పాకలో, గేదె పక్కన. నువ్వేమో దీంట్లో కూరగాయల బుట్టలు మోస్తున్నావ్."

"కూరగాయలు కాదు సార్, మా ఆవిడని" అన్నాడు మార్కు. ముగ్గురూ నవ్వారు.

టీ గ్లాసుల పళ్లెంతో వంటింటి గుమ్మంలో నిలబడిన రెబ్కా కూడా నవ్వింది.

అప్పుడు పానకాలరావు ఎడమపక్కకి వచ్చాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇదేంటి? తలుపేంటి? ఈ బాడీకి తలుపుండదే! ఎవడు కోశాడయ్యా దీన్ని?"

గౌస్ బాషా వంగి బందుల మీద వేలితో కొట్టాడు. "బీరువా బందులు సార్! ఎవడో గానీ బలే పనోడు. ఎన్నేళ్లదో గానీ కిర్రనలేదు చూడండి."

"పనోడా? కసాయోడు. నిక్షేపంలాంటి రేకుని నిలువునా కోసి పారేశాడు. ఎవడయ్యా?"

మార్కు మెడ రుద్దుకున్నాడు. "అదీ... పాతదండి. మా నాన్న హయాంలోనే ఎవరో కోశారు."

రెబ్కా పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది. పెద్దమనిషి ముందు సిగ్గుపడ్డాడులే అనుకుంది. టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.

ఆగస్టు పదిహేనున గుంటూరు నుంచి చీరాల సముద్రం దాకా పాత బళ్ల ర్యాలీ. పరుగు పందెం కాదు. బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలా ఎంతవరకు ఉందో చూసి నూటికి మార్కులు వేస్తారు. ఫ్యాక్టరీ వేసిన రంగు, ఫ్యాక్టరీ పెట్టిన మర, అన్నిటికీ లెక్కుంది. ఆ మాట మార్కు తలకెక్కింది. రోజంతా మిల్లు మరలతో పనిచేసే మనిషిని ఎప్పుడూ ఎవరూ పనిమంతుడని పిలవలేదు. పానకాలరావు భుజం మీద చెయ్యేసి, "నువ్వు మావాడివయ్యా, మిల్లులో ఉండాల్సినవాడివి కాదు" అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి నాలుగుసార్లు చెప్పాడు.

బడికి ఎండాకాలం సెలవులివ్వగానే బండి విప్పాడు. సామాను నవారు మంచం మీద, ముందుగదిలో, వంటింటి గట్టు మీద. రాత్రి అన్నంలో గ్రీజు వాసన. సైడ్‌కారు బాడీని గుంటూరులో గౌస్ బాషా షెడ్డుకి పంపాడు.

"బళ్లు తెరిచేలోగా వస్తుందా అండీ?" అని అడిగింది రెబ్కా.

"ఎందుకు రాదు? జూన్ పదికల్లా రెడీ."

జూన్ పది పోయింది, ఇరవై పోయింది. బడి తెరిచారు. రెబ్కా కండక్టరు సాయంతో బస్సెక్కి, దిగి డొంకలో నడిచింది. పత్తి విత్తడానికి వెళ్లే బండి ఏదైనా కనబడితే బతిమాలి ఎక్కేది. ఎడ్లబండి ఎక్కాలంటే ఇద్దరు మగవాళ్లు చంకల్లో చేతులేసి లేపాలి. వాళ్లు ఎత్తుతూ అటు మొహాలు తిప్పుకునేవాళ్లు. నెలలో ఏడుసార్లు ఆలస్యమైంది.

బడి కరస్పాండెంటు దానయ్యగారు మంచివారే. ఆఫీసుకి పిలిపించి కుర్చీ వేయించారు.

"చూడమ్మా రెబ్కా, హెడ్‌మిస్ట్రెస్ అంటే తొమ్మిదికి ప్రేయర్ బెల్లు నువ్వు కొట్టించాలి. పిల్లలు గుమ్మంలో నిలబడి నీకోసం ఎదురు చూస్తున్నారని నాకు రెండు అర్జీలొచ్చాయి. నీ కాలు సంగతి నేనెత్తను. పధ్నాలుగేళ్లు ఎత్తానా? ఎత్తే అవసరం నువ్వు రానివ్వలేదు. జూలై నెలాఖరు దాకా చూస్తా. ఆ పైన నీ తర్వాతి టీచరు వీరమ్మకి ఇవ్వక తప్పదు. ఆమె ఇల్లు ఊళ్లోనే."

"ఈ నెలాఖరుకి బండి వచ్చేస్తుందండి" అంది రెబ్కా.

బండి వచ్చింది. జూలై ఆఖరి ఆదివారం, చర్చి వదిలే వేళకి, మార్కే నడుపుకుంటూ తెచ్చాడు. నల్లటి రంగు మీద సన్నటి బంగారు గీత. క్రోము మెరుపుకి కళ్లు చికిలించాల్సి వచ్చింది. పేటంతా చుట్టూ మూగింది. "కొత్తదిరా!" అన్నారు. "కొత్తది కాదు, అసలుది" అన్నాడు మార్కు. అతని మొహం అంత వెలగడం పెళ్లిలో కూడా చూడలేదు రెబ్కా. ఆమెకీ సంతోషం కలిగింది. అది నిజం. రేపు సోమవారం, తొమ్మిదికి బెల్లు కొట్టించవచ్చు అనుకుంది.

"ఎక్కించు, మీ ఆవిడని ఎక్కించు!" అని అరిచారెవరో.

రెబ్కా బైబిలు చంకలో పెట్టుకుని ఎడమపక్కకి వెళ్లింది. అలవాటు ప్రకారం గొళ్లెం కోసం చెయ్యి చాపింది. చేతికి గొళ్లెం దొరకలేదు. చెయ్యి కొంచెం ముందుకి జరిపింది, వెనక్కి జరిపింది. రేకు నున్నగా, చల్లగా ఉంది. కోసిన గీత కూడా లేదు. కింద మెట్టు లేదు.

ఆమె తలెత్తి మార్కుని చూసింది.

"వెల్డింగు చేసి మూసేశారు" అన్నాడతను గొంతు తగ్గించి. "తలుపుంటే పోటీకి రానివ్వరు. క్లబ్బు రూలు. నేనేం చెయ్యను? రా, నేనెత్తి కూర్చోబెడతా."

"వద్దండీ, ఇంతమందిలో..."

"మొగుణ్ణేగా, సిగ్గేంటి?"

జనం నవ్వారు. అతను ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి లేపాడు. కుడికాలు లోపలికి వెళ్లింది. ఎడమకాలు వంగలేదు. బూటు కడ్డీ అంచుకి తగిలి, రేకు మీద కర్రుమని గీసుకుంది. కడ్డీ పట్టీ జారి తొడలో గుచ్చుకుంది. రెబ్కా "అమ్మా" అంది.

"రంగు! రంగు!" అని అరిచాడు మార్కు.

ఆమెని కిందికి దించేసి, మోకాళ్ల మీద కూర్చుని, వేలికి ఉమ్మి తడి చేసి ఆ గీతని రుద్దాడు. అరంగుళం గీత. పోలేదు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జనంలోంచి ఒక ముసలమ్మ వచ్చి కింద పడిన బైబిలు తీసి రెబ్కాకి ఇచ్చింది.

మర్నాడు తెల్లారకముందే వాన మొదలైంది. మార్కు బండి మీద టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించాడు.

"ఈ బురదలో దించితే చువ్వలన్నీ పాడవుతాయి. పదిహేనో తారీఖు దాటనీ. అప్పటిదాకా ఎలాగో సర్దుకో."

"బుధవారంతో నెలాఖరు. దానయ్యగారు..."

"నే వెళ్లి మాట్లాడతాలే."

వెళ్లలేదు. బుధవారం రెబ్కా అయిదింటికే బయల్దేరింది. బస్సు దిగి డొంకలో అడుగు పెట్టింది. అడుగుకొక శేరు మట్టి బూటుకి పట్టుకుంది. ఆగి, గొడుగు మొనతో గీకి, మళ్లీ నడిచింది. సగం దూరంలో బూటు దిగబడిపోయి రాలేదు. మిరపనారు మోసుకుపోతున్న కూలీలు ఇద్దరు లాగి బయటికి తీశారు. బడికి చేరేసరికి పది దాటింది. తరగతిలోంచి రెండో ఎక్కం వినబడుతోంది. వరండాలో దానయ్యగారు వీరమ్మతో మాట్లాడుతున్నారు. మోకాళ్ల దాకా మట్టితో వచ్చిన రెబ్కాని చూసి ఆయన లేచి నిలబడ్డారు. బెల్లు కొట్టే సుత్తి వీరమ్మ చేతిలో ఉంది. రెబ్కాకి అర్థమైంది.

"కాళ్లు కడుక్కో అక్కా, నీళ్లు పెట్టిస్తా" అంది వీరమ్మ. ఆమె గొంతులో గెలుపేమీ లేదు. అందుకు ఇంకా కష్టమనిపించింది.

ర్యాలీలో మార్కుకి మొదటి బహుమతి వచ్చింది. కప్పుని ముందుగదిలో ప్రభువు పటం కింద బల్ల మీద పెట్టాడు. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ టీ కాచి ఇచ్చింది రెబ్కా. హెడ్‌మిస్ట్రెస్ పోస్టు గురించి అతను ఒక్కసారి మాట్లాడాడు. "క్లబ్బువాళ్ల రూలు అలా ఏడిసింది. లేకపోతే నేను మూయనిచ్చేవాణ్ణా?" అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మడమే తేలిక.

పదిరోజుల తర్వాత గౌస్ బాషా ర్యాలీ ఫొటోలూ, మార్కుల కాగితమూ తెచ్చాడు. మార్కు మిల్లులో ఉన్నాడు. గౌస్ బాషా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగాడు. ఆమె కాలు వైపు చూసి, చూపు తిప్పుకుని, మళ్లీ చూశాడు.

"టీచరమ్మా, ఆ తలుపు మీకోసమని నాకు తెలవదమ్మా. మొన్న సముద్రం దగ్గర ఎవరో అంటుంటే విన్నా."

"పోనీలే బాషా. రూలంట కదా."

"రూలా? ఏం రూలమ్మా?"

"తలుపుంటే పోటీకి రానివ్వరటగా."

గౌస్ బాషా కాగితం విప్పి, వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో. బాడీలో మార్పులుంటే మూడు మార్కులు కోత. అంతే. రెండో బహుమతి వచ్చిన బండికీ మీ బండికీ పదకొండు మార్కుల తేడా. పానకాలరావుగారు కూడా, కోసింది కోశాడు, చరిత్రలో భాగం, ఉంచెయ్యవయ్యా అన్నారు. నేనూ ఉంచమన్నా, అంత మంచి పని. మార్కుగారే ఒప్పుకోలా. షెడ్డులో పక్కనే నిలబడి వెల్డింగు చేయించుకున్నాడు."

రెబ్కా కాగితం చూసింది. అది టైపు కొట్టిన కాగితం. మూడు అనే అంకె స్పష్టంగానే ఉంది.

ఆ సాయంత్రం మార్కు మిల్లు నుంచి వచ్చేసరికి ఆమె బల్ల దగ్గర కూర్చుని అర్జీ రాస్తోంది. అతను భుజం మీదుగా చదివాడు.

"పొదిలా? పొదిలి బడికి ట్రాన్స్‌ఫరా! నీకేమన్నా మతిపోయిందా? తాగేందుకు నీళ్లు దొరకవక్కడ."

"బడి వెనకే క్వార్టరుంది. నడిచే పని లేదు."

"సీనియారిటీ పోతుంది. తెలుసా?"

"తెలుసు."

"జనవరిలో మద్రాసు ర్యాలీ అవనీ. తలుపు మళ్లీ నేనే కోస్తా. నా చేత్తో కోస్తా. సరేనా?"

"మూడు మార్కులటగా" అంది రెబ్కా.

అతను బల్ల మీది కప్పుని కొంచెం పక్కకి జరిపాడు. "ఎవరు చెప్పారు?" అన్నాడు.

ఆమె రాయడం ఆపలేదు.

"అది కాదే. అంత చక్కగా తయారయ్యాక పక్కన ఆ గాటు ఉంటే... చూసేవాడికి బండి కనపడదు, అదే కనపడుద్ది. నీకర్థం కాదు."

"అర్థమైంది" అంది ఆమె. సంతకం చేసి కాగితం మడిచింది.

సెప్టెంబరు రెండో వారంలో ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్టతో బస్టాండుకి రిక్షాలో వెళ్లింది. మార్కు సైకిలు మీద వెనకాల వచ్చాడు. బస్సు మెట్టు ఎత్తు. కండక్టరు, మార్కు చెరోవైపూ పట్టుకుని ఎక్కించారు. లోపల కూర్చున్నవాళ్లంతా మెడలు చాచి చూశారు. కిటికీ దగ్గరికి వచ్చి, "పదిరోజుల్లో వచ్చి చూస్తా" అన్నాడు మార్కు. బండి మీద వస్తానో బస్సులో వస్తానో చెప్పలేదు. 

పొదిలి బళ్లో ఆమెతో కలిపి నలుగురు టీచర్లు. మిగతా ముగ్గురూ ఆమెకంటే చిన్నవాళ్లు. ట్రాన్స్‌ఫరు అడిగి వచ్చినవాళ్లకి సర్వీసు ఆ బళ్లో చేరిన రోజు నుంచే లెక్క కాబట్టి, హాజరు పట్టీలో ఆమె పేరు అందరికంటే కింద రాశారు.