నలభై మైళ్ళకు వినపడని గొంతు

“మంచు కరిగే రోజులే తల్లీ. మడుగు మీద పైపొర గట్టిగానే కనిపిస్తుంది, కాలు పెడితే పుటుక్కుమంటుంది. ఒక్కదానివే పోవద్దు.”

“నేను మడుగులోకి ఎందుకు దిగుతానమ్మా? గట్టు మీదే కూచుంటా,” అంది ట్రెసా, రేడియో పెట్టెను ట్రక్కులోకి ఎక్కిస్తూ. “నిరుడు పిడుగన్నావు. ఈ ఏడు మంచు.”

బెగ్గురు కొంగలు దిగే ఆ చిత్తడి అభయారణ్యం మా ఊరికి నలభై మైళ్ళు. అక్కడి నుంచి రేడియోలో నలభై నలుగురితో మాట్లాడితే గాని ఆ చోటు ఈ సరదా రేడియోవాళ్ళ జాబితాకు ఎక్కదు. పేరు దేశమంతా తెలిస్తే కాపాడేవాళ్ళు పుడతారని మా అమ్మాయి నమ్మకం. ఫోను మాత్రం అక్కడ పలకదు.

వంటింట్లో రేడియో పెట్టుకుని విన్నాను. లైసెన్సు లేనిదాన్ని, వినడమే గాని మాట్లాడకూడదు. ఇరవై ఆరో మనిషి తర్వాత దాని గొంతు ఆగిపోయింది. గంట గడిచింది. పొయ్యి మీద సూపు మాడింది. పక్కింటి ఎమిల్ గారి దగ్గరకు పరుగెత్తాను. ఎనభై ఏళ్ళ మనిషి, రేడియోలో మా అమ్మాయికి గురువు.

“ట్రెసా మడుగులో పడిపోయిందండీ.”

“ఎవరు చూశారు?”

“గొంతు వినపడటం లేదు.”

“మా ఆవిడకి ముప్పై ఏళ్ళుగా నా గొంతు వినపడదు. నేనెక్కడా పడలేదు కదమ్మాయ్.”

అంటూనే తన రేడియో పెట్టె ముందు కూర్చుని, ఇందాక దాని గొంతు వినపడిన బ్యాండు మీదే పిలిచి చూశాడు. జవాబు లేదు.

“మధ్యాహ్నమైంది కదా, దూరంవాళ్ళ కోసం వేరే బ్యాండుకి మారుంటుంది. ఆ అలలు మన నెత్తి మీదుగా దూకిపోయి ఎక్కడో వెయ్యి మైళ్ళ అవతల దిగుతాయి. దగ్గరున్న మనకే వినపడదు.”

“మరి ఎవర్ని అడగాలి?”

“ఆ వెయ్యి మైళ్ళవాళ్ళనే.”

ముల్లు తిప్పి, ట్రెసా ఎవరికైనా వినిపిస్తోందా అని అడిగాడు. గరగర తప్ప ఏమీ లేదు. మళ్ళీ అడిగాడు. మూడోసారి అడిగేటప్పటికి ఆయన ముఖంలోనూ నవ్వు లేదు. నేను కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. గోడ గడియారంలో ముల్లు ఎంతసేపటికీ కదలనట్టే ఉంది.

అప్పుడు గరగరలోంచి ఒక ఆడమనిషి గొంతు నింపాదిగా పైకి తేలింది.

“జార్జియా నుంచండీ. ఆ పిల్లతో ఇప్పుడే మాట్లాడాను, నలభయ్యో మనిషిని నేనే. హాయిగా నవ్వుతోంది. ఆ పిల్లకి మీ కబురేమైనా చెప్పమంటారా?”