చూరు నీళ్ళు

చర్చి చూరుకి కొత్త దోనె బిగించారని కూతురు లొరెయిన్ చెప్పగానే మేవిస్ టీ కప్పు పక్కన పెట్టి లేచి నిలబడింది.

"ఏ వైపు?"

"ఉత్తరం వైపు, పొట్టి చూరుకి. వానంతా పట్టి గొట్టంలోకి తోసేస్తుందట. నువ్వేంటమ్మా అలా అయిపోయావ్?"

కూతురు ఫోను ఎత్తడం కాస్త ఆలస్యమైతే చాలు, ఆంబులెన్సు కూత వినిపించిందనుకునే మనిషి మేవిస్. నేల తడిగా ఉంటే కూతురు జారిపడిందంటుంది, పొడిగా ఉంటే నిప్పంటుకుందంటుంది. జన్మంతా ఉత్తుత్తినే భయపడింది. ఈసారి భయపడ్డదే జరిగింది.

ఆ చర్చిని విక్టోరియా రాణి రోజుల్లో ఉన్నిమిల్లు యజమాని కట్టించాడు, పనివాళ్ళు ఆదివారం కూడా తన కళ్ళముందే కూర్చోవాలని. ముందు బల్లలు అతనివాళ్ళకి, వెనక చలి వీళ్ళకి. యుద్ధంలో అందులో ఉన్ని బేళ్ళు పేర్చారు. మిల్లు మూతపడ్డాక జనం పలచబడ్డారు. చివరికి పైనుంచి ఓ పెద్ద పాదిరి వచ్చి, ఏదో చదివి, ఇక ఇది దేవుడి ఇల్లు కాదని తాళం వేసిపోయాడు. కోటు విప్పుకున్నట్టు పవిత్రత విప్పి పట్టుకుపోయాడు! తర్వాత తివాచీల కొట్టు. ఇప్పుడేమో డబ్బిచ్చి గోడలెక్కే ఆట: గోడలకి రంగురంగుల బొడిపెలు, వాటిని పట్టుకుని పైకి పాకే జనం. పాకనీ. బేళ్ళున్నా, తివాచీలున్నా చూరు చూరే కదా.

ఉత్తరపు గోడ వారన రాయి లేదు, సిలువ లేదు. చచ్చి పుట్టిన బిడ్డకి బాప్తిస్మం లేదు, బాప్తిస్మం లేని బిడ్డకి సమాధుల్లో చోటు లేదు అన్నారు ఆనాటి పాదిరులు. అందుకని గోతులు తవ్వే మనిషి బూట్ల పెట్టెలో వచ్చిన బిడ్డల్ని ఆ చూరు కింద దాచేవాడు. దేవుడి కప్పు మీంచి జారే వాననీళ్ళే వాళ్ళకి బాప్తిస్మం. ఏ పాదిరి అక్కడ దోనె బిగించినా, మళ్ళీ సోమవారం, ఊరంతా బట్టలుతుక్కునే రోజున, అది కింద పడి ఉండేది. బట్టల తాడును ఎత్తి నిలబెట్టే పొడుగు గడకర్ర లేని పెరడు లేదు మరి. "గాలి గట్టిగా వీచింది పాదిరిగారూ!" అనేవాళ్ళు ఆడవాళ్ళు. విసిగిపోయి పాదిరులే మానుకున్నారు.

మేవిస్ నేరుగా చర్చి కొత్త యజమాని రూపర్ట్ దగ్గరికెళ్ళింది.

"గోడకి చెమ్మ పడుతోంది మామ్మగారూ. మంచికే బిగించాను."

"అక్కడ పిల్లలున్నారు."

అతను కిటికీలోంచి తొంగి చూశాడు. "ఎక్కడ?"

"మట్టిలో."

రూపర్ట్ గొంతు తగ్గించాడు. "కాగితాల్లో సమాధులేమీ లేవండీ. పైగా ఇది ఇక పవిత్రస్థలం కాదని రాసిచ్చారు."

"కాగితాల్లోకి రానివ్వకే కదయ్యా అక్కడ దాచుకున్నది! నీ పెద్ద పాదిరి రాసిచ్చాడని వానకి తెలుసా?"

"పోనీ, వాళ్ళ జ్ఞాపకంగా ఓ రాతి పలక పెట్టిస్తాను. కాఫీ బల్లల పక్కన, చక్కగా."

"దాహమేసినవాడికి బావి బొమ్మ చూపిస్తావా?" అని మేవిస్ లేచి వచ్చేసింది.

సోమవారం పొద్దున్నే వాన. మేవిస్ నేలమాళిగలోంచి గడకర్ర లాగుతుంటే లొరెయిన్ వచ్చిపడింది.

"అమ్మా! ఆ మెట్ల మీంచి పడితే? ఈ వానలో బట్టలెవరు ఆరేస్తారు? మతి పోయిందా?"

"నీకంటే ముందు ఒకడున్నాడే."

గడకర్ర లాక్కోబోయిన లొరెయిన్ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏడవలేదు వాడు. నాకు చూపించను కూడా లేదు. మీ నాన్నే పెట్టె పట్టుకెళ్ళాడు."

"అందుకేనా... నేను దగ్గినా నువ్వు డాక్టరు డాక్టరని..."

"పక్కకి జరుగు. దారికడ్డం."

లొరెయిన్ జరిగింది. కానీ తల్లి వెనకాలే నడిచింది, వద్దు వద్దంటూనే.

చూరు కింద మేవిస్ గడకర్ర ఎత్తింది. దోనె నిండా నీళ్ళు, కర్ర చివర ఊగిపోతోంది. ఒకసారి తగల్లేదు. రెండోసారి జారింది. మూడోసారికి ఆమె చేతులు సడలిపోతుంటే, వద్దంటున్న లొరెయినే కర్ర అడుగు పట్టుకుని తోసింది. టప్పుమని ఓ కొక్కెం ఊడింది. తర్వాత దోనె మొత్తం, నీళ్ళతో సహా, ధబేల్మని పడింది.

రూపర్ట్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంటిది! పోలీసుల్ని పిలుస్తాను!"

"పిలువు నాయనా. నా పేరు మేవిస్ సగ్డెన్, రాసుకో. వాడికైతే పేరు లేదు. నువ్వు మళ్ళీ బిగించు, నేను మళ్ళీ వస్తాను. సోమవారాలకేం కొదవ లేదు."

అతను ఫోను చేత్తో పట్టుకుని, తల ఎత్తి చూరు వైపు చూశాడు. చూరు పొడుగునా నీళ్ళు వరసగా మట్టిలోకి దిగుతున్నాయి.

"అమ్మా, తడిసిపోతున్నావ్. జ్వరమొస్తుంది," అంది లొరెయిన్.

"రానీ," అంది మేవిస్, ఇంకొంచెం గోడ దగ్గరికి జరుగుతూ.